హొకుసాయ్ బొమ్మ చూసి రాసిన బ్యాండ్ సంగీతమట. బొమ్మ ఎక్కడుందో చెప్పండి

హమమత్సు_నాన్న
మా అమ్మాయి ఇక్కడ జపాన్‌లో మిడిల్ స్కూల్ రెండో ఏడు చదువుతోంది. స్కూల్ బ్యాండ్‌లో మూడో క్లారినెట్. ఊరేగింపు బ్యాండ్ అనుకోకండి, కుర్చీల్లో కూర్చుని కాగితం చూసి వాయించే కన్సర్ట్ బ్యాండ్. ఇక్కడ దాన్ని సుయిసోగాకు అంటారు. వయొలిన్లు ఉండవు, ఊదేవీ కొట్టేవీ మాత్రమే. ఈ వేసవి పోటీకి వాళ్ళ టీచర్ తోషియో మషిమ అనే జపాన్ కంపోజర్ రాసిన 'మోఁ ఫుజి' (ఫుజి కొండ) ఎంచుకున్నారు. పాతకాలం జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన చెక్క అచ్చు బొమ్మ చూసి రాశానని పేరులోనే ఉంది.

మొన్న ఆదివారం అమ్మానాన్నల్ని రిహార్సల్‌కి రానిచ్చారు. బోర్డు మీద ఆ పెద్ద అల బొమ్మ అంటించి ఉంది. అరగంట కూర్చున్నాను. నాకు అల కనపడలేదు, కొండ కూడా కనపడలేదు. పెద్ద సినిమా క్లైమాక్స్‌లో వచ్చే మ్యూజిక్‌లా బాగానే ఉంది, అంతే. పక్కన మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది (కూతుర్ని చూసి అని నా అనుమానం, కొండని చూసి కాదు).

బొమ్మ చూసి రాశాం అనే మాటకి నిజంగా ఏమైనా అర్థం ఉందా, పేరు అతికించడమేనా? ఇంకోటి, జపాన్ ఆయన జపాన్ కొండ మీద రాస్తూ ఫ్రెంచి పేరు పెట్టడం ఏంటి?

ఇడ్లీ_ఫిలాసఫర్
అతికించడమే. పేరు తీసేసి వినిపిస్తే ఎవరూ చెప్పలేరు. నేను ఇప్పుడే చేసి చూశాను. మా అత్తగారికి ఏమీ చెప్పకుండా ఫోన్‌లో పెట్టి "ఏం కనిపిస్తోంది అత్తయ్యా" అంటే, రెండు నిమిషాలు శ్రద్ధగా విని "ఎవరో రైలు దిగి వస్తున్నారు, స్టేషన్లో జనం ఉన్నారు" అన్నారు.

వానచినుకు77
అత్తగారి మాటే ఫైనల్. థ్రెడ్ మూసేయండి 😂

బ్యాండ్_మాస్టర్_మనవడు
"ఊరేగింపు బ్యాండ్ అనుకోకండి" అన్నారు చూడండి, అక్కడ చిన్న మంట అన్నా. మా తాత గుంటూరు జిల్లాలో నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళకి క్లారినెట్ వాయించాడు. కాగితం లేకుండా.

హమమత్సు_నాన్న
అయ్యో తప్పుగా తీసుకోకు తమ్ముడూ. బ్యాండ్ అనగానే మా బంధువులందరూ "పిల్లని బ్యాండ్‌లో పెట్టావా" అని ఫోన్లు చేశారు, ఆ టెన్షన్‌లో రాశాను.

ట్రాంబోన్_మూడోవరుస
ఫ్రెంచి పేరు సంగతి నేను చెప్తా. మషిమకి ఫ్రెంచి పేర్లు పెట్టడం అలవాటు. జపనీస్ పేరు కూడా ఉంది, 'ఫుజిసాన్' అని. ఈయన 2001లో రాసిన ఇంకో పెద్ద హిట్ 'లె త్రువా నోత్ దు జపాన్'. అందులో మూడు భాగాలు: కొంగల నాట్యం, మంచు కురిసిన నది, పండగ. దాని జపనీస్ పేరులో ఉన్న మాటేంటో తెలుసా? జపోనిస్మ్. అంటే జపాన్ బొమ్మలు చూసి ప్యారిస్ వాళ్ళు పిచ్చెక్కిపోయి వేసుకున్న బొమ్మలకీ కట్టుకున్న గౌన్లకీ ఫ్రెంచివాళ్ళు పెట్టిన పేరు. ఒక జపాన్ ఆయన తన దేశం గురించి రాస్తూ ఆ పేరు ఎత్తుకొచ్చాడంటే కావాలనే చేశాడు. తర్వాత క్యోటో మీద రాసిన 'ఫీనిక్స్ నాట్యం' 2006లో ఫ్రాన్స్‌లో కూ ద్ వాఁ అనే బ్యాండ్ సంగీతం పోటీలో మొదటి బహుమతి కూడా కొట్టింది. సినిమా మ్యూజిక్‌లా ఉందన్నారు కదా, ఆయన 'న్యూ సౌండ్స్ ఇన్ బ్రాస్' వరసకి బోలెడు పాప్ పాటల్ని బ్యాండ్‌కి మార్చి రాసినవాడు. ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది.

పాతచింతకాయ
అసలు ఇదంతా ఫ్రెంచి కంపోజర్ డెబుస్సీతో మొదలు. హొకుసాయ్ అల చూసి 'లా మేర్' (సముద్రం) రాశాడు.

గీతలమ్మ
చూసి రాశాడు అనడానికి లేదండి. ఖాయంగా చెప్పగలిగింది ఒకటే, 1905లో స్కోరు (వాయించేవాళ్ళు చూసే స్వరాల పుస్తకం) అచ్చయినప్పుడు అట్ట మీద ఆ అల బొమ్మ వేశారు. అది కూడా పూర్తి బొమ్మ కాదు. అలని ఉంచి, వెనక ఫుజి కొండని పీకేశారు, పడవల్నీ పీకేశారు. నేను బొమ్మల టీచర్ని, ఈ అట్టని ప్రతి ఏడాది పిల్లలకి చూపిస్తా. "ఏం పోయింది?" అని అడిగితే వెంటనే "మనుషులు" అంటారు. కొండ పోయిందని చెప్పేవాళ్ళు తక్కువ, ఎందుకంటే అసలు బొమ్మలోనే అది అంత చిన్నది.

ఇంకో మాట. ఆ బొమ్మ గోడంత ఉంటుందని అందరూ అనుకుంటారు. 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 వెడల్పు, అంతే. పరీక్ష అట్ట మీద పెట్టుకుని చూసే సైజు. చేతిలో పట్టుకుని దగ్గరగా చూసేదాన్ని ఎనభైమంది బ్యాండ్‌తో ఊదిస్తే హమమత్సు గారికి కనపడకపోవడంలో వింతేముంది?

ట్రాంబోన్_మూడోవరుస
ఇది నేను ఆలోచించలేదు. డెబుస్సీ అట్ట మీద కొండ తీసేశారు, వందేళ్ళ తర్వాత జపాన్ ఆయన ఫ్రెంచి పేరుతోనే కొండని వెనక్కి తెచ్చి పెట్టాడు. అసలు పేరే కొండ పేరు. పడవలు మాత్రం ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి పాపం.

వానచినుకు77
పడవల్లో ఏముంటుంది? జాలర్లా?

గీతలమ్మ
చేపలు మోసే తెడ్ల పడవలు, ఎడో పట్నం (ఇప్పటి టోక్యో) బజారుకి తాజాగా చేరెయ్యాలని వేగంగా లాగేవి. ఒక్కో దాంట్లో ఎనిమిదిమంది తెడ్లు వేసేవాళ్ళు వంగిపోయి కూర్చుని ఉంటారు. ఇంకొకటి గమనించండి, జపాన్ వాళ్ళు కుడి నుంచి ఎడమకి చదివేవాళ్ళు. మనకి అల ఎడమ నుంచి పడవల్ని తరుముతున్నట్టు ఉంటుంది. వాళ్ళకి కుడి నుంచి పడవలతో పాటు బయల్దేరితే అల ముఖాన కొడుతుంది.

డల్లాస్_డ్రైవర్_అమ్మ
మా బాబు ఇక్కడ హైస్కూల్ బ్యాండ్, యుఫోనియం. శరదృతువంతా మార్చింగ్, తర్వాత కన్సర్ట్ సీజన్. నేను ఏడేళ్ళుగా స్కూల్ కచేరీలన్నీ విన్నాను, ఇక్కడ జపాన్ బొమ్మ పేరు పెట్టుకున్న పీసులు ఏడాదికి రెండు తప్పవు. ఫార్ములా ఒకటే. ముందు గాంగ్ ఒక్కటి. తర్వాత ఫ్లూట్ ఒంటరిగా ఐదు స్వరాలు. తర్వాత టక్ టక్ అని చెక్క. చివర్లో డ్రమ్స్ వాళ్ళు "హే" అని అరుస్తారు. అయిపోయింది జపాన్. ఎవరు రాశారో పేర్లు చెప్పను, పిల్లలు కష్టపడి వాయిస్తారు. కానీ బొమ్మ అనేది సాకు అని ఇడ్లీ గారు అన్నదానితో నేను సగం ఒప్పుకుంటా.

ఇడ్లీ_ఫిలాసఫర్
సగం కాదండీ, పూర్తిగా ఒప్పుకోండి. సాంబారు ఫ్రీ.

పెడన_అద్దకం
మాది పెడన, ఇంట్లో కలంకారీ అద్దకం పని. సంగీతం నాకు తెలీదు. ఆ బొమ్మలు ఎలా చేస్తారో మాత్రం చూడగానే అర్థమైంది, మా పనే అది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క అచ్చు. ముందు గీతల అచ్చు వేసి, దాని మీద మిగతా రంగులు ఒకదాని తర్వాత ఒకటి. మేం టేకు మీద చెక్కిస్తాం, వాళ్ళు అడవి చెర్రీ మీద. మాది బట్ట, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరబెట్టింది. వాళ్ళది తడిపిన కాగితం. మేం అచ్చు తీసుకెళ్ళి బట్ట మీద కొడతాం. వాళ్ళు అచ్చుని పైకి తిప్పి ఉంచి కాగితాన్ని దాని మీద పరిచి వెనక నుంచి రుద్దుతారు. మాకు కంటి అంచనాయే, వాళ్ళు అచ్చు మూలనే చిన్న గాడి చెక్కుకుంటారు, కాగితం ప్రతిసారీ అక్కడే కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగితే ఎరుపు గీత దాటి బయటికి వస్తుంది, ఆ ముక్క పోయినట్టే.

నేను అడిగేదేంటంటే, బ్యాండ్‌లో కూడా అంతే కదా? ఒక్కో వాయిద్యం ఒక్కో అచ్చు. అందరూ ఒకే గాడిలో కూర్చోకపోతే పోయె.

ట్రాంబోన్_మూడోవరుస
పెడన అన్నా, సంగీతం తెలీదంటూనే ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా ఎవరూ చెప్పని మాట చెప్పావు. ఆర్కెస్ట్రాలో వయొలిన్లు అన్నిటి మీదా ఒక పూత పూసేస్తాయి, అంచులు కలిసిపోతాయి, నూనె రంగుల బొమ్మలాగా. బ్యాండ్‌లో ఆ పూత లేదు. ట్రంపెట్ మొదలైతే మొదలైనట్టు తెలుస్తుంది, ఓబో ఆగితే ఆగినట్టు తెలుస్తుంది. గీత గీసినట్టు అంచు ఉంటుంది. ఉడ్‌బ్లాక్ బొమ్మకి బ్యాండ్ దగ్గర చుట్టం అని నేను అనుకోవడం అందుకే.

పాతచింతకాయ
క్లారినెట్లు ఇరవై పెట్టి పూత పుయ్యడం లేదా మరి? బ్యాండ్‌లో అంచు ఉంటుందని మీరనుకుంటున్నారు, నాకు వినిపించేది మాత్రం ముద్ద.

ట్రాంబోన్_మూడోవరుస
అది బ్యాండ్ తప్పు కాదు సార్, మీ ఫోన్ స్పీకర్ తప్పు.

పాతచింతకాయ
స్పీకర్ మీద పడకండి, పెన్షన్ డబ్బుతో కొన్నది.

హమమత్సు_నాన్న
పెడన గారి మాట మా అమ్మాయికి చదివి వినిపించాను. అది ఎగిరి గంతేసింది. వాళ్ళ టీచర్ కూడా ఇలాంటిదే చెప్పారట. ఒకచోట క్లారినెట్లన్నీ చాలాసేపు ఒకే స్వరం పట్టి నెమ్మదిగా తగ్గించాలి. పిల్లలు విసుక్కుంటే టీచర్ బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి హొకుసాయ్‌దే ఎర్ర ఫుజి బొమ్మలో ఆకాశం చూపించారట, పైన ముదురు నీలం, కిందికి వచ్చేసరికి ఏమీ లేదు, ఎక్కడ అయిపోయిందో వేలు పెట్టి చూపించమన్నారట. ఎవరూ చూపించలేకపోయారు. "మీరూ అలాగే అయిపోవాలి" అన్నారట.

దానికోసం వీళ్ళు చేసింది నేను కళ్ళారా చూశాను. ఏ పిల్ల ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కాగితం మీద పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకున్నారు. ఇద్దరు పక్కపక్కవాళ్ళు ఒకేసారి తీసుకోకూడదు. మా దాని టిక్కు మూడో కొలత (తాళం గడి) మధ్యలో, పక్క పిల్లది నాలుగో కొలత చివర. ఇంట్లో అన్నం తింటూ కూడా రీడ్ (క్లారినెట్ మూతికి పెట్టే పుల్ల) నోట్లో నానబెట్టుకుని వేళ్ళతో లెక్కపెడుతోంది. అడిగితే "నాన్నా, నేను నీలం" అంటుంది.

పెడన_అద్దకం
ఆ పైన ముదురు, కింద ఏమీ లేకపోవడం అచ్చులో రాదు సార్. అచ్చు మీద రంగు వేశాక తడి గుడ్డతోనో కుంచెతోనో తుడిచి ఒకవైపు పలచన చెయ్యాలి, ప్రతి కాగితానికీ మళ్ళీ మొదటి నుంచీ. చెక్కినవాడి గొప్ప కాదు, అద్దేవాడి చేతివాటం. మీ పాప చేస్తున్నది ఆ పనే.

గీతలమ్మ
దాన్ని బొకాషి అంటారు. పెడన గారూ, మీరొకసారి మా స్కూల్‌కి రావాలండీ.

వానచినుకు77
ఆ నీలం జపాన్ నీలమేనా?

గీతలమ్మ
కాదు! అది బెర్లిన్ నీలం, ప్రష్యన్ బ్లూ అంటాం. బయటి నుంచి ఓడల్లో వచ్చేది. 1830 ప్రాంతంలో చవగ్గా దొరకడం మొదలయ్యాకే ఫుజి బొమ్మలకి అంత నీలం వాడగలిగారు. పైగా కొండని వెనక్కి నెట్టి చిన్నగా చూపించే దూరదృశ్యం పద్ధతి ఐరోపా బొమ్మల్లోంచి నేర్చుకున్నదే. అంటే హొకుసాయ్ బెర్లిన్ రంగుతో వేశాడు, దాన్ని చూసి ప్యారిస్ మురిసిపోయింది, ప్యారిస్ సంగీతం విని మషిమ రాశాడు, దాన్ని హమమత్సు పాప వాయిస్తోంది, వాళ్ళ నాన్న తెలుగులో మనకి ఫిర్యాదు చేస్తున్నాడు. ఇందులో స్వచ్ఛమైన జపాన్ ఎక్కడ అని వెతికితే దొరకదు.

ఇడ్లీ_ఫిలాసఫర్
అయ్యో మేడం, ఆయన అడిగింది జపాన్ ఎక్కడ అని కాదు, బొమ్మ ఎక్కడ అని. మీరు ఓడ ఎక్కించి ఊరంతా తిప్పారు.

సన్నాయి_సుబ్బు
ఐదు స్వరాల మాట వచ్చింది కాబట్టి నా పిచ్చి నేను చెప్తా. జపాన్ వాళ్ళ మియాకో-బుషి స్కేల్ అంటే స రి1 మ1 ప ద1. అచ్చంగా మన 'కర్ణాటక శుద్ధ సావేరి' (మామూలు శుద్ధ సావేరి కాదు). ఇన్‌సెన్ అనేదాన్ని స రి1 మ1 ప ని2 అనుకోండి, రేవతి. ఒకినావా దీవుల స్కేల్ స గ3 మ1 ప ని3, అది గంభీరనాట. గుళ్ళో స్వామి బయటికి వస్తుంటే నాదస్వరం మీద మల్లారి వాయిస్తారే, ఆ రాగం. మొదటిసారి ఒకినావా పాట విన్నప్పుడు నాకు కొబ్బరికాయ వాసన వచ్చింది, ఒట్టు.

పాతచింతకాయ
స్వరాలు ఒకటైతే రాగం ఒకటవుతుందా? మా వీధిలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉన్నారు, ఒకడి అప్పు ఇంకొకడు తీర్చడు. గమకం లేకుండా రేవతి ఏంటి?

సన్నాయి_సుబ్బు
రాగం అనలేదు సార్, స్కేల్ అన్నాను. షకుహాచి వెదురు వేణువు వాళ్ళు స్వరాన్ని ఎలా జార్చి వంచుతారో వినండి, తర్వాత గమకం లేదని అనండి. బ్యాండ్‌లోకి వచ్చేసరికి అది పోతుంది, నిజమే. క్లారినెట్ మీద వంచొచ్చు కానీ ఇరవైమంది ఒకేలా వంచాలంటే కష్టం.

బ్యాండ్_మాస్టర్_మనవడు
క్లారినెట్ మీద వంచడం మా తాతని అడిగితే చెప్పేవాడు. ఊరేగింపులో నడుస్తూ, కాళ్ళ కింద గుంటలు చూసుకుంటూ, పక్కన బాంబులు పేలుతుంటే, సన్నాయి పాటలన్నీ జార్చి జార్చి వాయించేవాడు. నీళ్ళు తాగేటప్పుడు కూడా పాట ఆగేది కాదు, ఇంకో క్లారినెట్ ఆయన అందుకునేవాడు. పైన చెప్పిన టిక్కుల పద్ధతే అది, పెన్సిల్ లేదంతే. ఒక కనుసైగ.

హమమత్సు_నాన్న
ఇది కూడా దానికి చెప్పాను. "ఆ తాతయ్య మా సెక్షన్‌కి లీడర్‌గా రావాలి" అంది.

రికార్డుల_రంగయ్య
మన వైపు ముడి నిజంగానే ఒకటి ఉంది, ఎవరూ ఎత్తలేదు. అలన్ హొవనెస్ అని అమెరికా కంపోజర్, అర్మేనియన్ తండ్రి. 1959-60లో ఫుల్‌బ్రైట్ అనే అమెరికా స్కాలర్‌షిప్ మీద మద్రాసు వచ్చి కర్ణాటక సంగీతం పట్టుకున్నాడు. మ్యూజిక్ అకాడమీ పండక్కి పిలిచారు. మూడొందలకి పైగా రాగాలు రాసుకున్నాడంటారు. తర్వాత 1962లో జపాన్ వెళ్ళి అక్కడి ఆస్థాన సంగీతం గగాకు నేర్చుకున్నాడు. 1965లో రాసిందే 'ఫాంటసీ ఆన్ జపనీస్ ఉడ్‌ప్రింట్స్', సైలోఫోన్ ముందుంటుంది. సైలోఫోన్ వాయించే యోయిచి హిరావొక కోసం రాశాడు. చికాగో ఆర్కెస్ట్రా వాళ్ళతో మొదటిసారి వాయించినప్పుడు కండక్టర్ సెయ్‌జి ఒజావా.

బొమ్మలో రంగు మారే చోట సంగీతం ఏం చెయ్యాలో అందులో వినపడుతుంది. సైలోఫోన్ మీద ఒక్కో దెబ్బ ఎండు చెక్క మీద ఉలి పడ్డట్టు ఉంటుంది, వెనక మిగతావాళ్ళు ఎవరి తాళంలో వాళ్ళు గజిబిజిగా జారిపోతుంటారు. ఉడ్‌ప్రింట్ అని పేరు పెట్టి చెక్క వాయిద్యాన్నే ముందు కూర్చోబెట్టడం చూడండి.

ట్రాంబోన్_మూడోవరుస
గొప్ప పీస్, ఒప్పుకుంటా. కానీ అది ఆర్కెస్ట్రా పీస్ కదా రంగయ్య గారూ. బ్యాండ్ వాళ్ళకి హొవనెస్ అంటే నాలుగో సింఫనీ, 1958ది. అందులోనూ చెక్క వాయిద్యాలకి పొడవైన సోలోలు ఉన్నాయి. జపాన్ బొమ్మలతో దానికి సంబంధం లేదు.

రికార్డుల_రంగయ్య
అందుకే "దగ్గరి చుట్టం" అనుకో నాయనా. బ్యాండే కావాలంటే అమెరికా కంపోజర్ బెర్నార్డ్ రోజర్స్ 'త్రీ జపనీస్ డాన్సెస్' ఉంది. 1933లో ఆర్కెస్ట్రాకి రాసి, 50ల్లో బ్యాండ్‌కి మార్చాడు. ఫెనెల్ అనే అమెరికా కండక్టర్ తన ఈస్ట్‌మన్ విండ్ ఎన్‌సెంబుల్‌తో రికార్డు చేశాడు. ఆ ఫెనెలే 1984లో టోక్యో కోసెయ్ విండ్ ఆర్కెస్ట్రాకి కండక్టర్‌గా వెళ్ళాడు. అయితే అవి నాట్యాలు, కొండలూ నదులూ కావు.

టోక్యో_టిఫిన్
వరసగా చదివితే ఎవరూ మషిమ 'లె త్రువా నోత్'లో రెండో భాగం గురించి మాట్లాడలేదు, 'మంచు కురిసిన నది'. నాకైతే ఫుజి కంటే అదే బొమ్మ. కారణం చెప్తా. అక్కడ ఏమీ జరగదు. తెల్ల కాగితం వదిలేసినట్టు వదిలేశాడు. మా ఆఫీసు కొలీగ్ హైస్కూల్‌లో అది పోటీకి వాయించింది, ఇప్పుడు ఆమె వయసు నలభై. ఆమె చెప్పింది: పోటీలో కంపల్సరీ పీస్, మన ఇష్టం పీస్ రెండూ కలిపి పన్నెండు నిమిషాల్లో దిగిపోవాలి. దాటితే డిస్‌క్వాలిఫై. మూడు భాగాలూ పట్టవు. ఎక్కడ కోస్తారు? చప్పుడు లేని చోట! కొంగలు ఉంటాయి, పండగ ఉంటుంది, నదిని నాలుగు గుక్కలు చేస్తారు. ఆమెకి ఇప్పటికీ కోపం. "మంచు పడటానికి కూడా టైం ఇవ్వలేదు" అంటుంది.

డల్లాస్_డ్రైవర్_అమ్మ
ఇదే! ఇక్కడ కూడా స్లో భాగాలే ఎగిరిపోతాయి. జడ్జీల ముందు ఖాళీ వాయించడానికి ఎవరికీ ధైర్యం ఉండదు.

గీతలమ్మ
మంచు అంటే గుర్తొచ్చింది. హొకుసాయ్ కాలంవాడే హిరోషిగె, ఆయన టోకాయ్‌డో (ఎడో నుంచి క్యోటోకి పాత దారి) బొమ్మల్లో అందరూ మెచ్చుకునేది కంబర, రాత్రి మంచు. ముగ్గురు మనుషులు వంగి నడుస్తుంటారు, ఊరంతా బూడిద రంగు నిశ్శబ్దం. కానీ కంబర ఉన్నది వెచ్చటి సముద్రం పక్కన, అంత మంచు పడే ఊరే కాదు. ఆయన వేసేశాడు. "సంగీతం బొమ్మలా లేదు" అని హమమత్సు గారు అంటున్నారు, బొమ్మే ఊరిలా లేదు మరి.

హమమత్సు_నాన్న
కంబర మా షిజువొక రాష్ట్రంలోదే, ఇక్కడికి గంటన్నర. నిజమే, మంచు ఎప్పుడూ చూడలేదు. మా ఊరికి కూడా ఆ వరసలో బొమ్మ ఉందా?

గీతలమ్మ
ఉంది. 53 మజిలీలు, రెండు చివరలూ కలిపి 55 బొమ్మలు, మీ ఊరు అందులో ఒకటి. కొండా లేదు, అల కూడా లేదు. ఎండిపోయిన పొలం, పెద్ద చెట్టు, దాని కింద మంట కాచుకుంటున్న కూలీలు, పొగ నేరుగా పైకి.

ఇడ్లీ_ఫిలాసఫర్
దాని మీద బ్యాండ్ పీస్ ఎవరూ రాయరు. మంటకి గాంగ్ కొట్టలేరు.

పెడన_అద్దకం
పొగని మాత్రం ఒకే అచ్చుతో తియ్యాలంటే కష్టం.

పాతచింతకాయ
ఫుజి వరస 36 అని పేరు పెట్టి 46 వేశాడటగా హొకుసాయ్. అమ్ముడుపోతున్నాయని పబ్లిషర్ ఇంకో పది వేయించుంటాడు. కళ, ప్రకృతి, ఆత్మ అని మనం ఇక్కడ జుట్టు పీక్కుంటున్నాం.

వానచినుకు77
ఇప్పుడు ఆ అల వెయ్యి యెన్ల నోటు మీద కూడా ఉంది, 2024 జులై నుంచి. పబ్లిషర్ సంతోషిస్తాడు.

టోక్యో_టిఫిన్
దాంతో ఇక్కడ ఒక గిన్నె రామెన్ వస్తుంది, అదీ కోడిగుడ్డు లేకుండా.

ట్రాంబోన్_మూడోవరుస
ఇడ్లీ గారి అత్తగారి ప్రయోగం మీద ఒక మాట చెప్పి ఆపేస్తా. బొమ్మ చెప్పకుండా వినిపిస్తే ఎవరూ అల అని చెప్పలేరు, నిజమే. కానీ వాయించేవాళ్ళకి బొమ్మ చెప్పకుండా వాయించమనండి, అప్పుడు తేడా తెలుస్తుంది. నేను కాలేజీ బ్యాండ్‌లో ఉన్నప్పుడు కియొషిగె కొయమ 'కొబికి-ఉత' వాయించాం, రంపం కోత పాట. చాలా వారాలు కష్టపడ్డా చప్పగానే ఉండేది. ఒకరోజు కండక్టర్ నిజం రంపం తెచ్చి కట్టె కోసి చూపించాడు. లాగేటప్పుడు బరువు, వెనక్కి వెళ్ళేటప్పుడు గాలి. ఆ రోజు నుంచి మా ట్రాంబోన్ల యాక్సెంట్లు మారిపోయాయి. వినేవాడికి రంపం కనపడిందో లేదో నాకు తెలీదు. నా మోచేతికి తెలిసింది.

ఇడ్లీ_ఫిలాసఫర్
సరే, ఇది కొట్టిపారెయ్యలేను. వాయించేవాళ్ళకి పనిముట్టు అంటే ఒప్పుకుంటా. టికెట్ కొని వినేవాడికి బొమ్మ అమ్మకండి అనేది నా పాయింట్.

మోడరేటర్
రాగాల మీద గొడవ కావాలంటే వేరే థ్రెడ్ తెరవండి, సుబ్బు గారికి ఇరవై మెసేజ్‌లు వెళ్ళాయట.

సన్నాయి_సుబ్బు
ఇరవై రెండు.

హమమత్సు_నాన్న
రెండు నెలల తర్వాత వస్తున్నా, సారీ. పోటీ అయిపోయింది. పొద్దున నాలుగున్నరకి లేచి డ్రమ్ములు, గాంగు, మ్యారింబా అన్నీ లారీకి ఎక్కించాం, తండ్రులం ఎనిమిదిమంది. నా నడుము ఇంకా సెట్ కాలేదు.

రిజల్ట్: గోల్డ్. ఎగిరి గంతేశాను. పక్కన ఉన్న జపనీస్ నాన్న నా భుజం పట్టుకుని ఆపాడు. ఇక్కడ అందరికీ గోల్డో సిల్వరో బ్రాంజో ఇస్తారు, గోల్డ్ వచ్చినవాళ్ళలో కొందరే పై రౌండ్‌కి వెళ్తారు. మిగిలిన గోల్డ్‌ని దమె-కిన్ అంటారట, పనికిరాని బంగారం. మాది అదే. పిల్లలు బస్సులో గంటసేపు ఏడ్చారు, తర్వాత ఐస్‌క్రీమ్ దగ్గర ఆగితే అన్నీ మర్చిపోయారు.

కనపడిందా అని అడుగుతారని తెలుసు. కొండ కనపడలేదు, నిజం చెప్తున్నా. కానీ ఆ క్లారినెట్లు తగ్గే చోట నేను మా అమ్మాయి టిక్కు కోసం చూస్తూ కూర్చున్నాను. మూడో కొలత మధ్యలో భుజం కొంచెం లేచింది, ఊపిరి తీసుకుంది. చప్పుడులో ఏ తేడా రాలేదు. తర్వాత ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలీలేదు, కండక్టర్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

పెడన_అద్దకం
అద్దకం కుదిరింది సార్.

ఇడ్లీ_ఫిలాసఫర్
వీడియో ఉందా? అత్తయ్యకి పెడతా. ఈసారి పేరు చెప్పి.

హమమత్సు_నాన్న
హాల్లో రికార్డింగ్ నిషేధం, సీడీ అమ్ముతారు. వచ్చాక చెప్తాను. ఈలోగా ఎవరైనా చెప్పండి, మ్యారింబా ఎత్తితే పట్టేసిన నడుముకి ఏం రాయాలి?

బ్యాండ్_మాస్టర్_మనవడు
ఆవనూనె వెచ్చచేసి రాయండి అన్నా. మా తాతకి డప్పు మోసేవాళ్ళందరూ అదే చెప్పేవాళ్ళు.